ఇంటికి గుఱ్ఱములెన్ని?

మోటారుబండిని కొనబోవువాడు మొదట దాని రంగును చూచును. పిమ్మట వెల యడుగును. ఈ రెండును తేలిన తరువాత, తానును యంత్రశాస్త్రమున కొంత ప్రవేశము గలవాడనేయని అంగడివానికి తెలియజేయుటకై "హార్సుపవరెంతండీ?" యని యొక ప్రశ్న వేయును. అంగడివా డొక యంకె చెప్పును. అది పొరుగింటివాని బండియంకెకన్న పెద్దదైనచో కొనువాని ముఖము వికసించును, చిన్నదైనచో ముడుచుకొనును. ఆ గుఱ్ఱములు ఎంత బరువును లాగునో, ఇంజను ఎంత వేగముగా తిరిగినప్పుడు లాగునో అతడడుగడు, అంగడివాడు చెప్పడు. పెండ్లిచూపులలో వరుని జీతమెంతయని విచారించి, అప్పులెన్నియో విచారింపక లేచివచ్చు పెద్దమనుష్యులను మేము చాలమందిని చూచితిమి. ఈ ప్రశ్నయు అట్టిదియే.

చిన్నకారు కొనువాని విషయమున ఈ యజ్ఞానమువలన గొప్ప నష్టము లేదు. మన బజారులలో ఎన్ని గుఱ్ఱములున్నను గేదెలమందవెనుక మెల్లగా పోవలసినదే. కాని యిటీవల మనవారిలో క్రొత్త ముచ్చట యొకటి బయలుదేరినది. మంచము, పొయ్యి, నీళ్ళతొట్టి, స్నానపుగదితో సహా ఇంటినే చక్రములమీద కెక్కించి దేశాటనము చేయవలెనని కొందఱు కోరుచున్నారు. దీనిని మోటారుహోమనియు, కారవాననియు అందురు. కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి బండ్లకొఱకే ప్రత్యేకముగా నొక పర్యాటక విధానమును ప్రకటించినది. మన గోదావరిసీమలోను వ్యానును కొని లోపల ఇల్లు కట్టించుకొన చూచువారు అక్కడక్కడ కనబడుచున్నారు. ఇక్కడ మాత్రము గుఱ్ఱముల లెక్క తెలియకపోవుట ప్రాణములమీదికి వచ్చును. అందుచేతనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముచ్చట క్రొత్తదేకాని పని క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి యిల్లు చేరిరి. పల్లకీ బోయీలు, పరిజనులు, డేరాలు, వంటసామగ్రి, వెంట నూఱుమంది జనము: అదియు నడిచెడు ఇల్లే. దానికి గుఱ్ఱములబదులు మనుష్యుల భుజములుండెను, అంతియే భేదము. మన డెల్టా గ్రామములనుండి బయలుదేరు కాశీయాత్ర బస్సులను చూడుడు. బియ్యపుబస్తాలు, పచ్చళ్ళజాడీలు, గ్యాసుబండలు, గుండిగలు, వంటవాడు, అతని చేతిక్రిందివాడు, అందఱును బస్సులోనే. సాయంకాలమగుసరికి ఏ సత్రపు వాకిటనో, ఏ పెట్రోలుబంకు ప్రక్కనో పొయ్యి వెలుగును. మోటారుహోమను పేరు వినని ముసలమ్మలు రెండు మూడు వారములు అందులో కాపురముచేసి వచ్చుచున్నారు.

ఇక తెలుగుదేశమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన నడిచెడు ఇల్లు చైతన్యరథము. 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించిన నందమూరి తారకరామారావుగారు పాత షెవ్రొలే వ్యాను నొకదానిని మార్పించి, పైకప్పును వేదికగాను లోపలిభాగమును విశ్రాంతిస్థానముగాను చేయించుకొని, కుమారుడు హరికృష్ణగారు బండి నడుపగా, 1983 జనవరి యెన్నికలవఱకు ఊరూర తిరిగిరి. రాజకీయములు మాకు ప్రస్తుతము కావు. యంత్రదృష్టితో చూచినచో ఆ బండి చేసినపని విచిత్రమైనది. వేలకొలది మైళ్ళు తిరిగినది, నిజమే. కాని గ్రామములలో జనసమూహము నడుమ మనిషి నడకకన్న మెల్లగా ప్రాకవలసినదికూడ అదియే. నెత్తిమీద మనుష్యులు, చుట్టును జనము, ముందునుండి గాలి తగులదు, రేడియేటరు కాగును. అట్టిచోట బండిని కాపాడునది దాని గుఱ్ఱములసంఖ్య కాదు, మొదటి గేరు. ఆ మాట యెట్లు నిజమో తెలియవలెనన్న, అసలు గుఱ్ఱమనగా నేమో తేల్చుకొనవలెను.

జేమ్సు వాట్ అను స్కాట్లండు యంత్రకారుడు 18వ శతాబ్దాంతమున తన ఆవిరియంత్రములను అమ్ముకొనుచు, గుఱ్ఱములతో పనిచేయించుకొనువారికి అర్థమగు భాషలో వాని సామర్థ్యమును చెప్పవలసి వచ్చి, 33,000 పౌనుల బరువును ఒక్క నిమిషములో ఒక్క అడుగు ఎత్తుట ఒక గుఱ్ఱపు పనియని నిర్ణయించెను. నేడు మన దేశమున బండ్లకు చెప్పు గుఱ్ఱము దానికి రవంత చిన్నది: 75 కిలోగ్రాముల బరువును ఒక్క సెకనులో ఒక్క మీటరు ఎత్తునది. ఈ రెండు నిర్వచనములలోను ఒక కాలపరిమాణ మున్నదని చదువరులు గమనింపవలెను. గుఱ్ఱమనగా బలము కాదు; బలము ఎంత త్వరగా పని చేయుచున్నదో తెలుపు కొలత. పాఠ్యపుస్తకములు దీనినే సామర్థ్యమనుచున్నవి. మన ఎడ్లజత రమారమి ఒక గుఱ్ఱపు సామర్థ్యము గలది. అయినను వడ్లబస్తాల బండిని బురదలోనుండి పైకి లాగునది ఆ జతయే. త్వర లేకపోయినచో ఒక్క గుఱ్ఱముతో కొండనైనను కదల్పవచ్చును. ఎప్పటికి కదలునన్నదియే ప్రశ్న.

రెండవ కొలత త్రిప్పుడుబలము. ఆంగ్లమున టార్కనియు, మన పాఠ్యపుస్తకములలో బలభ్రామకమనియు పేర్లు. మా బాలురకు దీనిని చెప్పవలసి వచ్చినపుడు మేము నల్లబల్లమీద ఇంజను బొమ్మ వేయము, గానుగ వేయుదుము. నూనెగానుగలు దాదాపు అంతరించినవి గాని, ముసలివారి మాటలలో ఇంకను తిరుగుచునే యున్నవి. గానుగమ్రానుకు 3 మీటర్ల దూరమున ఎద్దును కట్టితిమనుకొందము. ఎద్దు 50 కిలోల బలముతో లాగుచున్నదనుకొందము. 50ని 3చే హెచ్చించిన 150. ఇది త్రిప్పుడుబలము, కిలోగ్రాము-మీటర్లలో. ఎద్దు నిమిషమునకు 2 చుట్లు తిరుగును. త్రిప్పుడుబలమును నిమిషమునకు తిరుగు చుట్లచే హెచ్చించి 716చే భాగించినచో గుఱ్ఱములు వచ్చును. 150ని 2చే హెచ్చించి 716చే భాగింపుడు: 0.42. ఎద్దు అరగుఱ్ఱమైనను కాలేదు!

ఇప్పుడు మనదేశమున యాత్రలకు విరివిగా వాడబడు ఫోర్స్ ట్రావెలర్ వ్యానును తీసికొందము. దాని డీజిలుయంత్రము 115 గుఱ్ఱములది. త్రిప్పుడుబలము 350 న్యూటను-మీటర్లు, అనగా మన లెక్కలో సుమారు 36. గానుగయెద్దుకు 150, యంత్రమునకు 36! ఈ యంకెలను బల్లమీద వ్రాసినప్పుడు బాలురెవ్వరును నమ్మరు. కాని మోసమేమియు లేదు. ఎద్దు నిమిషమునకు 2 చుట్లు తిరుగును. యంత్రము 2,000 చుట్లు తిరుగును. ఎద్దునకున్నది ఓపిక, యంత్రమునకున్నది పరుగు. ఆ పరుగును ఓపికగా మార్చు ఉపకరణమునకు గేరుపెట్టె యని పేరు.

గేరునుగూర్చి జనులలో నొక భ్రమ కలదు. మొదటి గేరులో బండికి "పవరు హెచ్చు" నందురు. పవరు హెచ్చదు. నూఱురూపాయల నోటును ఇచ్చి పదిరూపాయల నోట్లు పది తెచ్చుకొన్నంతమాత్రమున మన సొమ్ము పెరుగునా? చేతిలో కాగితముల సంఖ్య పెరుగును. చిన్న పళ్ళచక్రము పెద్దదానిని త్రిప్పునపుడు చుట్లు నాలుగవవంతయిన, త్రిప్పుడుబలము నాలుగింతలగును; రెంటి గుణకారము మునుపటి యంతయే. పైగా ఈ మారకమునందు పళ్ళచక్రములు తమ బట్టా తాము తీసికొనును. అది వేడియై పోవును. వర్షకాలమున కాలువగట్టుమీద ఒరిగిన 80 గుఱ్ఱముల కారును 45 గుఱ్ఱముల ట్రాక్టరు వచ్చి బయటికి లాగుట మాయూళ్ళలో చూడనివారుండరు. ట్రాక్టరు తన గుఱ్ఱములనన్నిటిని చిల్లరగా మార్చుకొని, పెద్దచక్రములను మెల్లగా త్రిప్పును. దమ్ముచేయు ట్రాక్టరును కారుతో పరుగుపందెమునకు పెట్టుడు. అప్పుడు కథ తలక్రిందులగును.

ఎద్దునకును యంత్రమునకును మఱియొక భేదము కలదు. నిలిచియున్న బండిని కదల్చునప్పుడే ఎద్దు మోకాళ్ళు వంచి తన యావద్బలమును చూపును. డీజిలుయంత్రము అట్లు చేయలేదు. నిమిషమునకు ఏడెనిమిదివందల చుట్లకు తగ్గినచో ఊపిరాడక ఆగిపోవును. దానిని తిరుగనిచ్చుచునే, నిలిచియున్న చక్రములకు మెల్లమెల్లగా పరిచయము చేయుటకు క్లచ్చి యున్నది. బరువైన ఇల్లు ఎత్తుమీద నిలిచి మరల కదలవలసినపుడు ఆ క్లచ్చి పడు కష్టము చెప్పనలవి కాదు. సగము త్రొక్కి సగము వదలి ప్రాకించుచు పోయిన, కాలినవాసన లోపల వంటచేయుచున్నవారికికూడ తెలియును. విద్యుత్తు మోటారునకు ఈ బాధ లేదు. అది ఎద్దువంటిది, నిలిచిన చోటనే పూర్తిబలమిచ్చును. మా రామచంద్రపురము బజారులో తిరుగు బ్యాటరీ ఆటోలకు క్లచ్చి లేదు, గేరుకఱ్ఱ లేదు.

మా డెల్టావారికి ఈ విషయములు తెలియకపోవుటకు కారణము కాటనుదొరగారని మేము పరిహాసముగా చెప్పుచుందుము. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టి, నీళ్ళు తమంతట తాము పొలములకు పాఱునట్లు చేసిరి. నీళ్ళు తమంతట పాఱుటకు నేల ఎంత చదునుగా నుండవలెనో అంత చదునుగా నున్నది మాసీమ. రామచంద్రపురమునుండి ద్రాక్షారామము పోవువానికి అడ్డువచ్చు పర్వతము కాలువమీది వంతెన యొక్కటియే. ఇక్కడ పుట్టి ఇక్కడ డ్రైవింగు నేర్చినవానికి మొదటి గేరు బండిని కదల్చుటకు, రెండవది మలుపు తిరుగుటకు, తక్కినకాలమంతయు పైగేరులోనే. ఎక్కుడు దిగుడు అను మాటలు అతనికి నిఘంటువులోని పదములు.

ఇట్టివాడు ఇంటిని తోలుకొని కొండయెక్కిన నేమగునో లెక్కవేయుదము. బండియు, ఇల్లును, మనుష్యులును కలిపి 4 టన్నులు. 12 మీటర్లు పోయిన 1 మీటరు ఎక్కు బాట. బరువులో పండ్రెండవవంతు, అనగా 333 కిలోలు, బండిని వెనుకకు గుంజుచుండును. చక్రములు దొర్లుటకు మఱి 60 కలిపిన, రమారమి 400 కిలోల లాగుడు కావలెను. చక్రపు కేంద్రమునుండి నేలకు 35 సెంటీమీటర్లైనచో ఇరుసువద్ద కావలసిన త్రిప్పుడుబలము 140. యంత్రమిచ్చునది 36. వెనుక ఇరుసులోని పళ్ళచక్రములు దానిని నాలుగింతలు చేయుననుకొందము: 144. అందులో పదవవంతు వేడియై పోయిన మిగులునది 130. చాలలేదు! చుట్లు తగ్గిపోవును, యంత్రము వణకును, నల్లనిపొగ వచ్చును. డ్రైవరు గేరు దించి మఱి ఒకటిన్నర రెట్లు పెంచుకొనెనా, 195 వచ్చినది. కావలసినదానికి మించి 55 మిగిలినది. అదే యంత్రము, అవే గుఱ్ఱములు.

అట్లైన గుఱ్ఱముల సంఖ్యకు అర్థమే లేదా? ఉన్నది. ఆ యెక్కుడును గంటకు 30 కిలోమీటర్ల వేగమున ఎక్కుటకు చక్రములవద్ద 44 గుఱ్ఱములు చాలును. 60 కిలోమీటర్ల వేగమున ఎక్కవలెనన్న 89 కావలెను; గాలికిని పళ్ళచక్రములకును ఈయవలసినది కలిపిన 110 వఱకు పోవును. అనగా గుఱ్ఱములు ఎంత వేగమున ఎక్కగలమో నిర్ణయించును. త్రిప్పుడుబలమును గేరును కలిసి అసలు ఎక్కగలమో లేదో నిర్ణయించును. ఘాటురోడ్డు మలుపులలో, అత్తగారు లోపల పాలు కాచుచుండగా, 60 కిలోమీటర్ల వేగముతో ఎక్కవలసిన అగత్యమేమో మాకు తెలియదు.

కొందఱు దీనికి విరుద్ధమైన మూఢత్వమున పడుచున్నారు. టార్కే సర్వము, హార్సుపవరు వట్టిది యనుచున్నారు. 115 గుఱ్ఱముల పెట్రోలుయంత్రము నిమిషమునకు 5,500 చుట్లు తిరుగునపుడు ఆ గుఱ్ఱములనిచ్చుననుకొందము. దాని త్రిప్పుడుబలము అప్పుడు 15. డీజిలుది 2,950 చుట్లకే అవే గుఱ్ఱములనిచ్చినచో దాని త్రిప్పుడుబలము 28. తగిన గేరులున్నచో పెట్రోలుబండియు అదే కొండను అదే వేగమున ఎక్కగలదు. శాస్త్రము దాని కభ్యంతరము చెప్పదు. కాని ఎక్కినంతసేపును అఱచుచు ఎక్కవలెను, మాటిమాటికి గేరు మార్చవలెను. డీజిలు తక్కువ చుట్లలోనే ఎక్కువ బలమిచ్చును గనుక గొణుగుచు ఎక్కును. ఇంటిని మోయువానికి కావలసినది ఈ రెండవ స్వభావము. సంస్కృతమున ధురంధరుడని యొక మాట కలదు. ధుర్ అనగా కాడి. కాడిని మోయువాడు ధురంధరుడు. మన పూర్వులు ఆ బిరుదమును పరుగెత్తువానికి ఈయలేదు. పరుగెత్తువానికి జవనుడని వేఱే పేరు పెట్టిరి. రెండును మంచి మాటలే. ఒకదానిచోట రెండవదానిని వాడినప్పుడే చిక్కు.

అమెరికాలో ఉద్యోగము చేయు మా పూర్వశిష్యుడొకడు అక్కడ సెలవులలో మోటారుహోము నద్దెకు తీసికొని భార్యాబిడ్డలతో కొండలకు పోయివచ్చి మాకు జాబు వ్రాసెను. దాని యంత్రము 300 గుఱ్ఱములకు పైబడినదట. ఇక్కడ మనవారు 115తో కాశికి పోవుచున్నారని వ్రాసిన, అతడాశ్చర్యపడెను. ఆశ్చర్యపడవలసినది లేదు. అక్కడి ఇల్లు 6 టన్నుల పైమాట. నడచుట గంటకు 100 కిలోమీటర్లు. గోడవంటి ముఖముతో గాలిలో దూసికొనిపోవు బండికి గాలియే కొండ. వేగము రెండింతలైన గాలిని గెలుచుటకు ఎనిమిదింతల గుఱ్ఱములు కావలెను. 50 కిలోమీటర్ల వేగమున 9 గుఱ్ఱములు మ్రింగు గాలి 100 కిలోమీటర్లవద్ద 72 మ్రింగును. వారికి గుఱ్ఱములు గాలితో పోరాడుటకు. మనకు అంత వేగమే లేదు. ఆ జాబులో మమ్మాకర్షించినది మఱియొక సంగతి. బండిలో "టో-హాల్" అను మీట యున్నదట. దానిని నొక్కినచో దిగుడులో యంత్రమే తనంతట క్రిందిగేరులోనికి దిగి, బండిని బిగబట్టి దింపునట.

ఎక్కుటనుగూర్చి మాటలాడువారే కాని దిగుటనుగూర్చి మాటలాడువారు లేరు. ఎక్కలేని బండి ఆగిపోవును. అవమానము తప్ప అపాయము తక్కువ. దిగలేని బండి ఆగదు. 4 టన్నుల ఇల్లు 300 మీటర్ల ఎత్తునుండి దిగినప్పుడు పుట్టు వేడి 40 లీటర్ల చన్నీళ్ళను మరుగుపట్టునంత కాచగలది. పెద్ద గంగాళములోని నీళ్ళను కాచు నిప్పు ఎంతయో మన యిండ్లలోని స్త్రీల నడుగుడు. ఆ నిప్పంతయు ఎక్కడికో పోవలెను. బ్రేకునే త్రొక్కుచు దిగినచో అరచేతులంత బ్రేకుపట్టీలలోనికి పోవును. అవి కాగి జారును. గొట్టములలోని ద్రవము మరగి బుడగలు కట్టును. పాదముక్రింది పెడలు మెత్తబడి నేలకంటును. క్రిందిగేరులో దిగినచో చక్రములు యంత్రమును బలవంతముగా త్రిప్పవలసి వచ్చి, ఆ త్రిప్పుటలోనే తమ వేగమును పోగొట్టుకొనును. వేడిలో చాలభాగము యంత్రమునుండి, రేడియేటరునుండి గాలిలో కలియును. ఏ గేరులో ఎక్కవలసివచ్చునో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పుమాట సూత్రప్రాయమైనది. బరువు హెచ్చైన ఇంకొకటి దించినను తప్పు లేదు.

మనవారు చేయుచున్నదేమి? దిగుడు రాగానే గేరు తీసి న్యూట్రలులో వదలుచున్నారు. కొందఱు తాళమునుకూడ త్రిప్పి యంత్రమునే ఆపుచున్నారు. ఎందులకు? డీజిలు మిగులునని! ఇది పూర్వకాలపు యంత్రములవిషయమున కొంత నిజమై యుండవచ్చును. నేటి యంత్రములలో గేరుండగా పాదమును తీసినచో డీజిలు చిమ్ముట పూర్తిగా నిలిచిపోవును. చక్రములే యంత్రమును త్రిప్పును. న్యూట్రలులో వదలినపుడే యంత్రము తన ప్రాణమును తాను నిలుపుకొనుటకు డీజిలు త్రాగవలెను. కనుక ఆ పొదుపు పొదుపు కాదు. యంత్రము నాపుట అంతకన్న ఘోరము: బ్రేకునకు బలమిచ్చు సహాయము పోవును, స్టీరింగు బిగియును. పేరాశతో ఇట్లు చేయుమని డ్రైవరు నాజ్ఞాపించు యజమానులున్నారు. ఘాటులో డ్రైవరు రెండవ గేరులో దించుచుండగా వెనుకనుండి "ఏమయ్యా, నడచి దిగినా ముందే పోతాం" అని యెత్తిపొడుచు ప్రయాణికులున్నారు. నెలకు జీతము తీసికొనువాడు ఎంతసేపు వినియూరకుండును? అతడు గేరు మార్చును. గేరు మార్చినది అతని చేయియే. మార్పించినవారు వెనుక కూర్చున్నవారు.

2019 అక్టోబరులో మారేడుమిల్లికిని చింతూరునకును నడుమ ఘాటురోడ్డుమీద యాత్రికుల బస్సు లోయలో పడి 8 మంది మరణించిరి. వారు భద్రాద్రిరాముని సేవించి అన్నవరము సత్యనారాయణస్వామి దర్శనమునకు వచ్చుచున్నవారు. ఆ బస్సు కథ ఆ బస్సుది. మేము దానినిగూర్చి తీర్పు చెప్పబోము. కాని ఆ బాట మా యాత్రికులది. రాజమహేంద్రవరము, రంపచోడవరము, మారేడుమిల్లి, చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్ ప్రవేశించి, కేశకాల్ ఘాటు దాటి రాయపురము మీదుగా ఉత్తరదేశమునకు పోవు త్రోవ అది. కాలువవంతెన తప్ప ఎక్కుడెరుగనివారు ఆ త్రోవన వృద్ధులను తీసికొని పోవుచున్నారు. మా పాఠశాలలలో న్యూటను సూత్రములను ముఖస్థము చేయించుచున్నాము, పరీక్షలో ప్రశ్న యిచ్చుచున్నాము. ఆ సూత్రములకు బండిగేరుతో సంబంధమున్నదని చెప్పు ఉపాధ్యాయు లెందఱు? పదవతరగతి చదివిన బాలుడు ఒకటి రెండేండ్లలో లారీక్లీనరగుచున్నాడు. అతనికి వాట్ జన్మసంవత్సరము కన్న ఇది యుపయోగపడును.

బియ్యపు వ్యాపారము చేయు మా పురవాసి యొకరు తమ తల్లిదండ్రులను కాశికి తీసికొనిపోవుటకై ఈ మధ్య ఒక వ్యానును కొని, లోపల ఇల్లు కట్టించుచున్నారు. తండ్రిగారికి ఎనుబది యేండ్లు. బస్సులో కూర్చుండలేరు, హోటలు తిండి సరిపడదు. కట్టువాడు గీసి యిచ్చిన పటమును పట్టుకొని ఆయన మాయింటికి వచ్చిరి. పైకప్పుమీద 400 లీటర్ల నీళ్ళతొట్టి, వంటగట్టునకు గ్రానైటుపలక, టేకుమంచములు, జనరేటరు, రెండు చల్లనిగాలి యంత్రములు.

"మాస్టారూ, ఇంతా కట్టాక ఇంజను సరిపోదంటున్నారండి. పెద్ద ఇంజను పెట్టిస్తానంటున్నాడు. ఎన్ని హార్సుపవరు పెట్టించమంటారు?" అని యడిగిరి.

ఆయన వెంట వచ్చిన డ్రైవరు, ముప్పదియేండ్లు లారీ తోలినవాడు, గుమ్మమువద్దనే నిలిచియుండెను. లోపలికి వచ్చి కూర్చుండుమని పిలిచి, మీ యభిప్రాయమేమనగా, అతడు కొంతసేపు సంకోచించి, "ఇంజను చాలకేం కాదండి. మేడమీద చెరువెట్టేరండి. అది దించితే సరిపోద్దండి" అనెను.

మాకు లెక్క వేయు శ్రమ చాలవఱకు తప్పినది. 400 లీటర్లనగా 400 కిలోలు. అదియు నెత్తిమీద, మలుపులో అటునిటు తొణకుచు. ఇంజను మార్చుట సులభమును కాదు, తయారుచేసినవారి నిర్దేశమునకు విరుద్ధముగా బండిని మార్పించుటను 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టము 52వ విభాగమున నిషేధించుచున్నది. పెద్ద యంత్రము పెట్టినను బ్రేకులు పాతవే, టైర్లు పాతవే, ఇరుసు పాతదే. మఱునాడు వ్యానును రైసుమిల్లు కాటామీదికి ఎక్కించిరి. సగము కట్టిన ఇల్లే, మనుష్యులు లేకుండ, 4,310 కిలోలు తూగినది. పలకమీద తయారుచేసినవారు వ్రాసిన గరిష్ఠభారము 4,200. వడ్లబస్తాలో అరకిలో తేడా వచ్చిన ఊరుకొనని మా మిత్రులు, ఇంటిని మాత్రము తూచకయే కట్టించిరి.

తరువాతి పదునైదు దినములు విప్పుటతో సరిపోయినవి. గ్రానైటు పోయి రేకుపలక వచ్చినది. టేకుమంచములబదులు ఇనుపగొట్టములకు నవారు అల్లించిరి. ముసలాయనకు అదియే నచ్చినది. జనరేటరును, ఒక చల్లనిగాలి యంత్రమును తీసివేసిరి. 80 లీటర్ల తొట్టిని నేలక్రింద, రెండు ఇరుసుల నడుమ బిగించిరి. నీళ్ళు దారిలో దొరకవాయని ఇల్లాలుగారు చెప్పినది అందఱకును సమ్మతమైనది. మరల కాటా యెక్కించిన 3,460 వచ్చినది. ఆరుగురు మనుష్యులు, వారి సామాను, నిండుతొట్టి కలిపినను 4,100 దాటదు. యంత్రము పాతదే, 115 గుఱ్ఱములదే.

బయలుదేరుటకు మాఘమాసమున ముహూర్తము పెట్టుకొన్నారు. అన్నవరము కొండకు ముందుగా ఒకసారి ఖాళీగాను, ఒకసారి నిండు బరువుతోను పోయి రావలెనని డ్రైవరు కోరగా ఒప్పుకొన్నారు. అతడడిగినది మఱియొకటి కూడ కలదు: ఘాటులో ఏ గేరు వేయవలెనో, ఎంత మెల్లగా దిగవలెనో బండిలోనివారెవ్వరును అతనికి చెప్పగూడదు. కొడుకుగారు ఏదో చెప్పబోవుచుండగా తండ్రిగారందుకొని, "అదంతా అతనికి వదిలెయ్యరా అబ్బాయ్. నాకు కిటికీ పక్కన చోటిస్తే చాలు" అనిరి.